తెగిన పోగు నేర్పు పాఠము

(పనిచోట దినదినము చేయదగిన చిన్న సవరణలను గూర్చి)



మగ్గము మీద పోగు తెగినపుడు మనము మొదట చేయు పని ఏమి? మగ్గమును ఆపుట. రెండవది? తెగిన కొనలు రెండును వెదకి ముడివేయుట. మూడవది? మరల నేయుట. ఈ మూడు పనులను మనము తాతముత్తాతల నాటి నుండి చేయుచునే ఉన్నాము. సోలాపురపు మరమగ్గము వద్దనైనను, కాంచీపురపు పట్టు మగ్గము వద్దనైనను, బరంపురములోనైనను, దొడ్డబళ్ళాపురములోనైనను, యానాములోనైనను ఇందులో భేదము లేదు. కాని నాలుగవ పని ఒకటి కలదు. దానిని మనలో పెక్కుమంది చేయరు. ఆ పోగు అక్కడనే ఎందుకు తెగినది, రేపు మరల తెగకుండుటకు నేడేమి చేయవలెను అని ఆలోచించుటయే ఆ నాలుగవ పని. ఈ పాఠము దానిని గూర్చియే.

పెద్ద ఫ్యాక్టరీలలో దీనికి నిరంతర అభివృద్ధి పద్ధతి అని పేరు. జపాను వారి మాటలో కైజెన్. 'కై' అనగా మార్పు, 'జెన్' అనగా మంచి. మంచికై చేయు మార్పు అని తాత్పర్యము. నేడు ఈ విద్యను మోటారు కార్ల ఫ్యాక్టరీలలోను, ఆసుపత్రులలోను, ఆఫీసులలోను నేర్పుచున్నారు. అందుచేత ఇది చదువుకొన్నవారి వ్యవహారమనియు, మగ్గము ముందు కూర్చుండువారికి దీనితో పని లేదనియు మనవారు తలచుట సహజమే. కాని సంగతి తారుమారుగా ఉన్నది. ఈ విద్యకు గల ముఖ్యమైన వేళ్ళలో ఒకటి మోటారు కారు క్రింద లేదు, మగ్గము క్రిందనే ఉన్నది. ముందుగా ఆ చరిత్ర కొంచెము తెలిసికొందము.

1. వడ్రంగి కొడుకు మగ్గము

1867లో జపాను దేశమున, నేటి షిజువోకా ప్రాంతములోని ఒక పల్లెలో సకిచి టొయోడా అనువాడు పుట్టెను. తండ్రి వడ్రంగి. ఆ పల్లెలలో స్త్రీలు ఇంటింట చేమగ్గముల మీద నూలుబట్ట నేయుచుండిరి. నాడెను ఒక చేత విసరి, మరొక చేత అందుకొని, పన్నెతో కొట్టి, మరల విసరవలెను. ఆ శ్రమను చూచుచు పెరిగినవాడు సకిచి. 1890లో టోక్యో నగరమున జరిగిన పారిశ్రామిక ప్రదర్శనమునకు పోయి, అక్కడి యంత్రములను ప్రతిదినము చూచుచు కూర్చుండెనట. ఆ సంవత్సరమే అతడు కొయ్య మగ్గము నొకదానిని తయారుచేసెను. పన్నెను ఒక్క చేతితో ముందు వెనుకలకు ఆడించినంతనే నాడె దానంతట అదియే పరుగెత్తెడిది. 1891లో దానికి పేటెంటు వచ్చెను. పాత మగ్గము కంటె నూటికి 40 నుండి 50 వంతుల వరకు ఎక్కువ పని సాగెనని చెప్పుదురు.

అంతటితో అతడు చాలించుకొనలేదు. 1896లో యంత్రబలముతో నడచు మగ్గమును చేసెను. పేక తెగినంతనే మగ్గము తనంత తానే ఆగునట్లు దానికి ఏర్పాటు కల్పించెను. 1903లో, కండె అయిపోయినపుడు నాడెను మార్చు సాధనమును కనిపెట్టెను. అది సరిగా పనిచేయలేదు. సవరించెను, పరీక్షించెను, మరల సవరించెను. చివరకు వేగము తగ్గకుండగనే నాడె మారునట్టి 'జి' రకపు ఆటోమాటిక్ మగ్గము 1924లో సిద్ధమయ్యెను. మొదటి సాధనమునకు, చివరి మగ్గమునకు నడుమ 21 సంవత్సరములు. మహానుభావుడు ఒక రాత్రి కలగని తెల్లవారి లేచి యంత్రము చేసినట్లు మనము కథలు చెప్పుకొందుము. నిజము అది కాదు. నిన్నటి తప్పును నేడు దిద్దుట, నేటి తప్పును రేపు దిద్దుట, ఇదియే అతని మంత్రము.

ఆ మగ్గములో మనము గమనింపదగినది ఒకటి కలదు. ప్రతి పడుగు పోగు మీదను ఒక సన్నని లోహపు రేకు వ్రేలాడుచుండును. పోగు బిగువుగ నున్నంతసేపు రేకు పైననే నిలుచును. పోగు తెగినంతనే రేకు జారిపడును. రేకు పడినంతనే మగ్గము ఆగును. మన మరమగ్గముల వారిలో ఈ రేకులు తెలిసినవారు చాలమంది కలరు. వీటి వలన ఒకే మనిషి 30 మగ్గములకు పైగా చూచుకొనుటకు వీలయ్యెను. వేగమునకు మించిన సంగతి ఇందు దాగి ఉన్నది. చెడిన బట్టను గంటసేపు నేయుట కంటె, ఒక్క క్షణము ఆగుట మేలని ఆ మగ్గమునకు తెలియును. జపాను వారు ఈ గుణమునకు జిదోకా అని పేరు పెట్టి, 'కదలుట' అను అర్థముగల అక్షరమునకు 'మనిషి' గుర్తును ప్రక్కన చేర్చి వ్రాయుదురు. మనిషి బుద్ధి కలిసిన కదలిక అని దాని భావము.

1929లో ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ నగరపు ప్లాట్ బ్రదర్స్ అను ప్రసిద్ధ మగ్గముల కంపెనీ ఈ మగ్గపు పేటెంటు హక్కులకు లక్ష పౌనులు ఇచ్చుటకు ఒప్పుకొనెను. మగ్గములను ప్రపంచమునకు అమ్మిన దేశమే వడ్రంగి కొడుకు వద్ద మగ్గపు విద్యను కొనవలసి వచ్చెను. సకిచి 1930లో మరణించెను. అతని కుమారుడు కీచిరో మోటారు కార్ల తయారీకి పూనుకొనగా 1937లో టొయోటా మోటారు కంపెనీ ఏర్పడెను. ఆ కంపెనీ పని పద్ధతులను తీర్చిదిద్దిన తాయీచి ఓనో కూడ 1932లో మొదట చేరినది టొయోడా వారి నూలు, నేత మిల్లులోనే. 1943లో గాని అతడు మోటారు కంపెనీకి రాలేదు. బెంగుళూరు దగ్గర బిడదిలో 1999లో కార్లు చేయ మొదలిడిన ఫ్యాక్టరీ ఈ వంశమునకు చెందినదే. అక్కడ పనికి కుదిరిన మన పిల్లలు "కైజెన్ నేర్చుకొన్నాము" అని ఇంటికి వచ్చి చెప్పినచో, "అది మన మగ్గపు విద్యయే నాయనా" అని మనము చెప్పవచ్చును.

2. మన ఇంటి సాక్ష్యము

ఇదంతయు జపాను వారికే చెల్లునని ఎవరైన అనవచ్చును. వారికి తెలుగునాటి నుండియే జవాబు కలదు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశము అను పద్మశాలి యువకుడు తన తల్లి లక్ష్మి ఆసు పోయుచు భుజము నొప్పితో బాధపడుట చూచెను. పోచంపల్లి రకపు చీర ఒకదానికి ఆసు పోయవలెనన్న, మేకుల చుట్టును చేతిని సుమారు 9,000 సార్లు ఆడింపవలెను. అతని చదువు బడిలోనే మధ్యలో ఆగినది. చేత డబ్బు లేదు. 1992లో మొదలుపెట్టి, ఒక్కొక్క భాగమే కూర్చుచు, చెడినదానిని విప్పుచు, నడుమ ఆశ వదలుకొని మరల పట్టుకొని, 1999లో ఆసు యంత్రమును పూర్తిచేసెను. దానికి తల్లి పేరే పెట్టెను. గంటల కొలది పట్టు పని గంటన్నరకు వచ్చెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను.

సకిచికిని మల్లేశమునకును సామ్యము చూడుడు. ఇద్దరును మొదట యంత్రమును చూడలేదు. మనిషికి ఎక్కడ నొప్పి కలుగుచున్నదో చూచిరి. సవరణకు అదియే మొదటి మెట్టు.

3. మా కార్ఖానాలో జరిగిన సంగతి

పెద్దవారి కథలు చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. మా కథ కూడ చెప్పుదుము. అందులో మాకు గౌరవము కలిగించునది తక్కువయే.

మాది సోలాపురములో నాలుగు మరమగ్గముల చిన్న కార్ఖానా. తువ్వాళ్ళు నేయుదుము. ఒక ఏడు మూడవ మగ్గము మీది బట్టలో తెగిన పోగుల తప్పులు మెండుగా పడజొచ్చెను. మా వద్ద సరుకు కొను వ్యాపారి ఒకడు తప్పున్న బట్టకే గాక, దానితో వచ్చిన కట్ట మొత్తమునకు ధర కోసెను. ఎందుకని అడుగగా, "ఇష్టము లేకున్న తీసికొని పొండు" అనెను.

ఆ కోపమును మేము ఎవరి మీద చూపితిమి? వ్యాపారి మీద చూపలేక, మూడవ మగ్గము నడపు మనిషి మీద చూపితిమి. ఆయనకు ఏబది అయిదేండ్లు దాటినవి. మేమందరము మామా అని పిలుచువారమే. "మామా, నీకు చూపు తగ్గినది, పోగు తెగుట కనబడుట లేదు" అంటిమి. మగ్గమును ఎవరైన కుర్రవానికి ఇత్తుమా అని ఆయన వినుచుండగనే మాటలాడుకొంటిమి. ఆయన మారు పలుకలేదు. ఆనాడు తెచ్చుకొన్న అన్నము మూట విప్పకుండగనే ఇంటికి పోయెను.

మా వదినె కండెలు చుట్టును. ఆమె అంతయు వినుచుండెను. రాత్రి అన్నము వడ్డించుచు ఇట్లనెను: "ఏమయ్యా, చూపు తగ్గినవాడికి పోగు అన్నిచోట్లా తెగాలి గదా! వచ్చిన బట్టలన్నీ నేను విప్పి చూశాను. ఎడమ అంచు దగ్గరే ఎందుకు తెగుతుంది?"

మాకు జవాబు తోచలేదు. మరునాడు గోడకు నల్లబల్ల తగిలించితిమి. పోగు తెగినపుడెల్ల ఏ మగ్గము, ఏ వేళ, బట్టలో ఏ ప్రక్క అని సుద్దముక్కతో గీత గీయుమని నలుగురికిని చెప్పితిమి. మూడు దినములు గడచిన పిమ్మట లెక్కించితిమి. మూడవ మగ్గము మీద 31 సార్లు పోగు తెగినది. అందులో 24 సార్లు ఎడమ అంచు నుండి జానెడు లోపలనే. కంటిచూపు అట్లు ఒక జానెడు చోటునే ఎన్నుకొని తగ్గదు గదా!

అప్పుడు మామను పిలిచి, అందరమును మగ్గము చుట్టు చేరి, ఒకదాని వెంట ఒకటిగా ప్రశ్నలు వేసికొంటిమి.

మగ్గము ఎందుకు ఆగినది? పడుగు పోగు తెగినది.

పోగు ఎందుకు తెగినది? ఆ చోట రాపిడి తగిలి, నూగు లేచి, పలుచబడి తెగినది.

రాపిడి ఆ చోటనే ఎందుకు? పన్నె పళ్ళు రెండు మూడు అక్కడ గరుకెక్కి ఉన్నవి. వ్రేలితో తడవగా తెలిసినది.

అవి ఎందుకు గరుకెక్కినవి? నాడె పెట్టెలో నుండి వంకరగా వెలువడి వాటిని రాచుచున్నది.

నాడె ఎందుకు వంకరగా వెలువడుచున్నది? దానిని తోయు పిక్కరు అరిగినది. నాడె మొన తగులు గుంట ప్రక్కకు జరిగినది.

ఇవి అయిదు ప్రశ్నలు. టొయోటా వారు కూడ అయిదుసార్లు ఎందుకని అడుగుమనియే చెప్పుదురు. అయిదు అను లెక్క శాస్త్రము కాదు, అసలు కారణము చేతికి చిక్కువరకు అడుగుమని దాని భావము. మా వదినె ఆరవది కూడ అడిగెను: "అరిగిన పిక్కరు ఇన్నాళ్ళు ఎందుకుంది?"

మామ నేలచూపులు చూచుచు చెప్పెను: "రెండుసార్లు అడిగాను నాయనా. విరిగినాక చూద్దామన్నారు."

నిజమే. క్రొత్త పిక్కర్లున్న పెట్టె తాళపుచెవి మా జేబులోనే ఉండెడిది. విరుగువరకు క్రొత్తది ఈయరాదనునది మేము పెట్టిన నియమమే. పొదుపు అనుకొంటిమి. ఆరవ 'ఎందుకు' మా జేబు వద్దకు వచ్చి ఆగెను.

పిక్కరు మార్చితిమి. గరుకు పళ్ళను నునుపు చేయించితిమి. మరుసటి మూడు దినములలో అదే మగ్గము మీద పోగు 9 సార్లు మాత్రమే తెగెను. మామ ఇంటికి పోయి తప్పు మాదని చెప్పుకొంటిమి. ఆయన నవ్వి, "నా కళ్ళకు అద్దాలు కొనుక్కోవాలేమో అనుకున్నా. పిక్కరు కొనాలని తెలియలేదు" అనెను. ఆ నవ్వు మాకు వ్యాపారి కోసిన ధర కంటె బరువుగా తోచినది. మగ్గము తప్పును మనిషి మీద వేసి, ముప్పై ఏండ్ల పనివానిని పోగొట్టుకొనుటకు ఎంత దగ్గరకు పోయితిమి!

4. పద్ధతి

ఈ అనుభవము నుండియు, పెద్దలు చెప్పినదాని నుండియు అయిదు సూత్రములు తేలుచున్నవి.

మొదటిది, వ్రాసి ఉంచుట. "ఈ మధ్య చాల తెగుచున్నది" అనుట లెక్క కాదు. ఎన్నిసార్లు, ఎక్కడ, ఎప్పుడు అనునది లెక్క. అమెరికా దేశపు డెమింగు పండితుడు 1950లో జపానులో ఉపన్యాసములిచ్చి, ఊహతో గాక లెక్కతో నిర్ణయింపవలెనని బోధించెను. 1951 నుండి జపాను వారు ఆయన పేర బహుమానము ఇచ్చుచున్నారు. మనకు పెద్ద గణితము అక్కరలేదు. నల్లబల్ల, సుద్దముక్క చాలును. వ్రాయరాని వారు గీత గీసినను చాలును.

రెండవది, పోయి చూచుట. గద్దె మీద కూర్చుండి కారణము చెప్పువాడు చాలవరకు మనిషిని తిట్టును. మగ్గము వద్దకు పోయి వ్రేలితో తడవి చూచువాడు పన్నెను పట్టుకొనును.

మూడవది, ఎందుకని అడుగుట. కాని ఎవరు అని అడుగరాదు. ఎవరు అని అడిగినచో పనివారు తప్పును దాచుదురు. దాచిన తప్పు బట్టలో మడతపడి అంగడిలో బయటపడును. అప్పటికి నష్టము పదింతలగును.

నాలుగవది, ఒకసారి ఒక్కటే మార్పు. గంజి పాలు మార్చి, పిక్కరు మార్చి, నూలు కూడ మార్చినచో, గుణము దేనివలన కలిగినదో తెలియదు. ఒకటి మార్చి, మూడు దినములు లెక్క చూచి, తరువాత రెండవదానికి పోవలెను. గుణము కనబడనిచో సిగ్గుపడక పాత పద్ధతికే రావలెను.

ఐదవది, నిలుపుట. గుణమిచ్చిన మార్పును ఇంటి ఆచారముగ చేయవలెను. మా కార్ఖానాలో మామ సలహా మీద ప్రతి పిక్కరుకును బిగించిన తేదీని సుద్దతో వ్రాయుచున్నాము. వారపు సెలవుకు ముందు సాయంత్రము నాలుగు పిక్కర్లను తడవి చూతుము. తాళపుచెవి ఇప్పుడు గోడ మేకునకు వ్రేలాడుచున్నది. ఇంతకంటె మంచి ఆచారము దొరికిననాడు దీనిని కూడ మార్చుదుము.

5. చేమగ్గముల ఇండ్లలో

చేమగ్గమునకు పిక్కరు లెక్కలేల అని మన చేనేత సోదరులు అడుగవచ్చును. వారికి ఉపయోగించునవి వేరు. పని నడుమ పోవు కాలము నాలుగు విధములు: వెదకుట, కాచుకొనుట, మరల చేయుట, ఊరక వంగి లేచుట.

వెదకుట: కాంచీపురపు కోర్వై నేతలో అంచు రంగు నాడెను వేయుటకు రెండవ మనిషి ప్రక్కన కావలెను. అంచు రంగు కండె కనబడక ఆగినచో ఒకరి కాలము కాదు, ఇద్దరి కాలము పోవును. ఆనాటికి కావలసిన కండెలను నేయు వరుసలో ఒక తట్టలో పేర్చి కూర్చున్నచో ఈ నష్టము లేదు.

కాచుకొనుట: పడుగు అయిపోవు దినము మనకు ముందుగనే తెలియును. అయినను పడుగు ముగిసిన పిమ్మటనే నూలు కొరకు పరుగెత్తుదుము. బట్ట ఇంకను కొన్ని మూరలు మిగిలి యుండగనే పడుగునకు ఒక గుర్తు దారము కట్టవలెను. గుర్తు ముందుకు వచ్చిననాడు నూలు సంగతి చూచుకొనవలెను.

మరల చేయుట: ఒకే రంగు అనుకొని రెండు వేర్వేరు కాగులలో అద్దిన చిలపలను కలిపినచో, చీర మీద అడ్డపట్టె తేలును. నేసినవానికి దీపము వెలుతురున అది తెలియదు, కొనువానికి ఎండలో తెలియును. అద్దిన కాగును బట్టి ఒక్కొక్క కట్టకు వేరు ముడి దారము కట్టినచో ఈ తప్పు పుట్టుటకే వీలుండదు. జాగ్రత్తగా ఉండుమని పదిసార్లు చెప్పుట కంటె ఒక ముడి దారము మేలు.

వంగి లేచుట: ముసలి తల్లి రాట్నము ముందు కూర్చుండి, ప్రతి చిలపకును లేచి గది అవతలకు పోవలసి వచ్చుచున్నదా? చిలపల బుట్టను ఆమె చేతికి అందు దూరమునకు జరుపుడు. దీనికి ఖర్చు దమ్మిడీ లేదు. ఇది కూడ సవరణయే. ఇంకను చెప్పవలెనన్న ఇదియే మొదట చేయవలసిన సవరణ.

6. లాభము ఎవరిది?

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. పోగు తెగుట తగ్గిన పిమ్మట మా నాలుగు మగ్గములును నెమ్మదిగా నడువజొచ్చెను. అప్పుడు మాకు ఒక దుర్బుద్ధి పుట్టెను. కండెలు అందించుచు, తెగిన పోగులకు సాయము చేయుచు తిరుగు కుర్రవాడు ఒకడు కలడు. ఇక వాని అవసరమేమి అనుకొంటిమి. మా వదినె ఒక్క మాట అనెను: "నల్లబల్ల మీద గీతలన్నీ గీసింది వాడే. వాడి గీతలే వాడి కూడు తీసేస్తే, రేపు ఇంకెవరు గీస్తారు?"

ఆ మాట మమ్ము నిలిపినది. కుర్రవానిని తీసివేయలేదు. వానికి మామ వద్ద మగ్గము నడుపుట నేర్పించితిమి.

టొయోటా కంపెనీ కూడ ఈ పాఠమును సులభముగ నేర్చుకొనలేదు. 1950లో ఆ కంపెనీ అప్పులలో మునిగి, పనివారిని తగ్గింపబూనగా పెద్ద సమ్మె జరిగెను. చాలమంది పని వదలవలసి వచ్చెను. కీచిరో తన అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చెను. ఆ మరుసటి సంవత్సరము, 1951లో, పనివారి సూచనలను స్వీకరించు ఏర్పాటు ఆ కంపెనీలో మొదలయ్యెను. 1962లో పనివారి సంఘమును యాజమాన్యమును పరస్పర విశ్వాసమును గూర్చి ఉమ్మడి ప్రకటన చేసిరి. సూచనల పెట్టె గోడకు తగిలించుట ఒక గంట పని. అందులో చీటీ వేయుటకు పనివానికి ధైర్యము కలుగుటకు ఏండ్లు పట్టును.

కావున మగ్గములు గలవారికి మా మనవి: పనివాడు చెప్పిన ఉపాయము వలన బట్ట ఎక్కువైనచో, ఆ సాకుతో మూర కూలి తగ్గింపకుడు. వచ్చిన మిగులులో వానికి పాలు ఈయుడు. పనిచేయువారికి మా మనవి: ఉపాయము చెప్పుటకు ముందు ఈ మాటను నలుగురి ఎదుట తీసికొనుడు. ఇద్దరు చేయు పనిని ఒకని చేత చేయించి, ఊపిరి తిరుగనీయక తరుముటను కూడ కొందరు అభివృద్ధి అందురు. అది అభివృద్ధి కాదు, పిండుట. మంచి సవరణకు గుర్తు ఒకటియే: సాయంత్రము బట్ట మెరుగుగా ఉండవలెను, మనిషి నిన్నటి కంటె తక్కువ అలసి ఉండవలెను.

ఈ పద్ధతి అన్ని రోగములకు మందని మేము చెప్పము. నూలు ధర పెరిగినచో నల్లబల్ల దానిని తగ్గింపలేదు. బాకీ ఈయని వ్యాపారి చేత డబ్బు కక్కింపలేదు. వాటికి సంఘముగ కూడి పోరాడవలసినదే. కాని లెక్క చేతనున్నవాని మాటకు బరువు కలదు. మరుసటిసారి ఆ వ్యాపారి కట్ట మొత్తమునకు ధర కోయబోగా, ఏ బట్టలో ఎన్ని తప్పులు కలవో మేము వ్రాసికొన్న కాగితము ఆయన ముందుంచితిమి. తప్పున్న బట్టలకే కోసి, తక్కినవాటిని పూర్తి ధరకు తీసికొనెను. మునుపు కోసినది తిరిగి ఈయలేదు. అయినను ముందటి దారి మూతబడినది.

7. ఈ వారము అభ్యాసము

పాఠము చదివి మడిచిపెట్టిన ఫలము లేదు. ఇంటిల్లిపాదియు ఈ క్రింది పనులను చేసి చూడుడు.

(1) ఒక్క మగ్గమును ఎన్నుకొనుడు. మూడు దినములు, ఆగినపుడెల్ల గీత గీయుడు. ఎందుకు ఆగినదో ఒక మాటలో ప్రక్కన వ్రాయుడు.

(2) గీతలు ఎక్కువగ పడిన కారణమును ఒకదానిని తీసికొనుడు. మగ్గము వద్ద నిలబడి, ఎందుకని అడుగుచు పొండు. జవాబు ఒక మనిషి పేరైనచో, ఇంకను కారణము దొరకలేదని తెలిసికొని మరల అడుగుడు.

(3) ఒక్క మార్పు చేయుడు. మరి మూడు దినములు గీతలు గీసి పోల్చుడు.

(4) కండెలు చుట్టువారిని, ఆసు పోయువారిని, గంజి పెట్టువారిని, "నీకు ఎక్కడ నొప్పి? ఏ పని విసుగు?" అని అడుగుడు. మన ఇండ్లలో ఈ పనులు చేయు స్త్రీలను ఇంతవరకు ఎవరును ఈ ప్రశ్న అడిగి ఉండరు. వారి జవాబును ఒక కాగితము మీద మొదటి వరుసలో వ్రాయుడు.

(5) మిగిలిన ఫలమును ఎట్లు పంచుకొందురో ముందుగనే మాటలాడుకొనుడు.

పోగు తెగుట నేతవానికి అవమానము కాదు. తెగని పోగు లేదు, ఆగని మగ్గము లేదు. తెగినచోటనే మరల మరల ముడివేయుచు, ఎందుకని ఒకసారైన అడుగకపోవుటయే మనకు లోపము. రేపు ప్రొద్దున మీ మగ్గము మొదటిసారి ఆగినపుడు, ముడి వేసిన పిమ్మట ఒక్క నిమిషము అక్కడనే నిలువుడు. మా మూడవ మగ్గము మాకు నేర్పినట్లే, మీ మగ్గమును మీకు తన పాఠము చెప్పును.